‘ఎర్ని’ అనే మాట పుట్టిల్లు

ఫాల్గుణ బహుళ పాడ్యమి

ఇవాళ కూడా సగం కూడే. కూరలో పుట్టగొడుగు ముక్కని వెతుక్కుని తినాల్సి వచ్చింది. మా ఆయన పోలినాయుడు ఆ పుట్టగొడుగుల మడుల్లోనే పని చేస్తాడు, అయినా ఆయన కంచంలోనూ అంతే. ఆకలి రుచెరగదంటారు గానీ, ఈ చప్పిడి కూరకి ఆ సామెత కూడా సరిపోదు.

తప్పెవరిదో కొండలోపల అందరికీ తెలుసు. తూర్పు తలుపు కాపలా ఎర్నమ్మది. చీకటితో, ఎండని కరెంటుగా మార్చే పలకలు తుడవడానికి పైకి వెళ్లినవాళ్లు ఎండ ముదరకముందే లోపలికి వచ్చేయాలి. రానివాళ్లని కాపలా మనిషి పేరు పెట్టి మూడు కేకలు వేయాలి. మూడో కేక తర్వాత తలుపు పడాలి. మా తాతలు ఎండకి తాళలేక ఈ కొండలోకి వచ్చినప్పటి నుంచీ ఇదే కట్టుబాటు. ఎర్నమ్మ మూడు కేకలూ వేసి కూడా, గవరయ్య ఇంకా రాలేదని తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆయన వచ్చాడు. ఆయన వెనకే వేడిగాలీ వచ్చింది. తలుపు పక్క మడులన్నీ ఉడికి ముద్దయ్యాయి.

ఆకలి మీదున్న జనాన్ని నవ్వించడం నా ఉద్యోగం. కొండ రేడియోలో రోజూ సాయంత్రం ‘దాలప్ప కబుర్లు’ చెప్పేది నేనే. ఇవాళ ఒక చిన్న నాటకం వేశాను. మొగుడు ఊరంతా తిరిగి ఎప్పటికీ ఇంటికి రాడు. పెళ్లాం కంచం ముందు పెట్టుకుని, ఆయన వస్తే గానీ ఎవరికీ పెట్టనంటుంది. ఇంటిల్లిపాదీ ఆకలితో మాడిపోతుంటే అత్తగారు అంటుంది: “ఏటే, మాకు కూడా ఎర్ని కొడతన్నావేటి?” అక్కడ మా స్విచ్చుల అబ్బాయి పగలబడి నవ్వి, నవ్వుతూనే మైకు కట్టేశాడు. మిగతా నాటకం గాలిలో కలిసిపోయింది.

మాట్లాడిన ప్రతి ముక్కా, దానికి జనం ఏమన్నారో, అదే రోజు చేత్తో రాసిపెట్టాలని మా స్టేషను పెద్ద వరాహమూర్తి గారి హుకుం. రాశాను. నవ్వారు. అంతకంటే ఏం కావాలి?

ఫాల్గుణ బహుళ షష్ఠి

మాటకి కాళ్లొచ్చాయి. కుళాయి దగ్గర ఒకావిడ వెనక మనిషికి చోటిస్తుంటే “ఎర్ని కొట్టకే, జరుగు” అన్నారు. పెళ్లి సంబంధం గురించి ఆలోచించుకుని చెప్తామన్న పెద్దమనిషిని, ఆయన ఇంకా గుమ్మం దాటకముందే, “ఎర్ని కొట్టి పోయాడు” అన్నారట. మూడో వీధి కుర్రాళ్లయితే కంచాలు వాయిస్తూ పాటే కట్టారు. బడిలో పంతులమ్మ కూడా అనేసి నాలిక కరుచుకుందని విన్నాను. ఒకరి కోసం ఆగి అందరికీ నష్టం చేయడం అని ఇంత పొడుగున చెప్పేదాన్ని రెండు మాటల్లో తేల్చేశాను కదా, నా భుజాలు నేనే తట్టుకున్నాను.

కొత్తగా ఏ మాట పుట్టినా దాని కథ చెప్పమని జనం అడుగుతారు. వారానికోసారి ‘మాట పుట్టిల్లు’ అని ఒక ముక్క చెప్తుంటాను. ప్రతి మాటకీ ఒక పుట్టిల్లు, ఒక అత్తారిల్లు ఉంటాయని నా సిద్ధాంతం. ఈసారి చీటీలన్నీ ఎర్ని గురించే. కొండకి అటువైపు వీధుల వాళ్లకి అదొక మనిషి పేరని కూడా తెలియదు.

ఏదైనా కొత్త సంగతి దొరుకుతుందేమోనని గవరయ్య దగ్గరికి వెళ్లాను. ఆయన కాలు చెక్కలకి కట్టి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పలకల మధ్య జారిపడ్డాడట, మోకాలి కింద ఎముక విరిగిందట. “కేక ఇనిపిస్తంది గానీ లెగలేకపోనాను. తలుపుకాడ ఆయమ్మ సీర కొంగు కనిపించినాది. దాన్నే సూసుకుని పాక్కుంటా ఒచ్చినాను,” అన్నాడు.

అది కూడా కలిపి రాశాను. రాసింది పైకి చదువుకున్నాను. కాలు సంగతి వచ్చిన చోట నవ్వు చచ్చిపోయింది. తీసేసి మళ్లీ చదివాను, బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం ఎర్నమ్మ గొంతు పెట్టి, గవరయ్య తీరుబడిగా నడిచొస్తుంటే తలుపు పట్టుకుని “రా బాబూ, రా, తొందరేటుంది” అని పిలుస్తున్నట్టు చేశాను. వీధి వీధినా నవ్వులు ఇక్కడి దాకా వినిపించాయి.

నేను అబద్ధం చెప్పలేదు. అంటే, ఆ ‘తీరుబడిగా’ అన్నదొక్కటే. కబుర్లన్నాక ఆమాత్రం మసాలా ఉంటుంది.

ఫాల్గుణ బహుళ ఏకాదశి

మొన్న ఎర్నమ్మ స్టేషనుకి వచ్చింది. లోపలికి రాకుండా గుమ్మం పక్కన కూర్చుంటే, ఎవరో అనుకుని నేనే బయటికి వెళ్లాను. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. అర్జీ పట్టుకుని కచేరీకి వెళ్లేవాళ్లు అలా తయారవుతారు. కొట్లాడడానికి వచ్చిందనుకున్నాను, నాకూ నోరుంది కాబట్టి సిద్ధంగానే ఉన్నాను.

కొట్లాడలేదు. నన్ను తల్లీ అంది. వీధిలో పిల్లగుంటలు వెనకాల కంచాలు వాయిస్తున్నారని, అది పరవాలేదని, గుంటలన్నాక వాయిస్తారని చెప్పింది. తర్వాత నా చేయి పట్టుకుంది.

“తలుపు పట్టుకున్నాను, నిజవే. మడులు పోనాయి, అదీ నిజవే. తిట్టండి, పడతాను. కానీ ఆడు నడిసి రాలేదు తల్లీ. పాక్కొచ్చినాడు. నా కళ్లెదర పాకతా ఉంటే ఎలాగేసీను తలుపు? ఆ కాలు ముక్క ఒకటి సెప్పు. సాలు నాకు.”

ఎంత? ఒక్క వాక్యం. గుటక వేసినంత సేపు పట్టదు చెప్పడానికి. “బుధవారం చెప్తాను పిన్నీ” అన్నాను. ఆమె నా చేయి కళ్లకద్దుకుని వెళ్లింది. ఎవరైనా నా చేయి అలా కళ్లకద్దుకోవడం ఇదే మొదలు.

వరాహమూర్తి గారికి చెప్తే ఆయన తల అడ్డంగా ఊపారు. ఉగాది నాడు ‘ఈ ఏటి మాట’ ఎంపిక ఉంది కదా, పరిగెడుతున్న గుర్రానికి కళ్లెం ఎందుకన్నారు. పండగ అయ్యాక చెప్పొచ్చులే అన్నారు. ఆయన చెప్పారు కాబట్టి మానేశానని ఇక్కడ రాయబోయాను. కానీ ఆయన వద్దనగానే నాకు హాయిగా అనిపించిన మాట కూడా నిజం. ఇవాళ బుధవారం, చీమల మీద కబుర్లు చెప్పాను.

చైత్ర శుద్ధ పాడ్యమి, ఉగాది

పచ్చడిలోకి వేపపువ్వు దొరక్క ఎండబెట్టిన ఆకు పొడి వేశారు. పంచాంగంలో ఈ ఏడు ఎండ ఇంకా పెరుగుతుందన్నారు, దానికి పంచాంగం అక్కర్లేదు. తర్వాత నడిమి చావడిలో ‘ఈ ఏటి మాట’ ప్రకటించారు. ఎర్ని. నాకో శాలువా, ఒక బెల్లం దిమ్మ.

ఆ చావడిలోనే పెద్దలు ఇంకో కబురు కూడా చెప్పారు. తూర్పు తలుపు దగ్గర కాపలా మనిషిని చూసి జనం నవ్వుతుంటే క్రమశిక్షణ ఎలా ఉంటుందని ఎర్నమ్మని అక్కడి నుంచి తీసేసి పలకల పనికి మార్చారు. చివరి వరస. అందరికంటే దూరం. ఆమె స్థానంలో అప్పలస్వామి. నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు, ఒక్క మాట పడితే నాలుగు రోజులు అన్నం మానేసే రకం.

శాలువా కప్పించుకుని మైకు ముందు నిలబడినప్పుడు వెనక వరసలో ఎర్నమ్మ కనిపించింది. నా వంకే చూస్తోంది. కాలు సంగతి చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? కొండ మొత్తం వింటోంది. నోరు తెరిచాను. “ఎర్ని కొట్టకుండా రెండు ముక్కల్లో ముగిస్తాను” అన్నాను.

చావడి దద్దరిల్లింది. ఆ నవ్వు తగ్గాక చెప్దామనుకున్నాను. తగ్గేసరికి మైకు వేరేవాళ్ల చేతిలో ఉంది. వెనక వరస ఖాళీగా ఉంది. బెల్లం దిమ్మ ఇంటికి తెచ్చాను గానీ నాకు తినబుద్ధి కాలేదు, పోలినాయుడు పక్కింటి పిల్లలకి పంచాడు.

చైత్ర బహుళ విదియ

కడుపు నిండా కూడు. కొత్త మడులు బాగా పట్టాయి. అందరూ అప్పలస్వామిని మెచ్చుకుంటున్నారు. తలుపు టక్కున పడిపోతోందట, ఒక్క పిసరు చల్లదనం కూడా బయటికి పోవడం లేదట.

మా ఆయన మాత్రం నిన్న భోజనాల దగ్గర మెల్లగా ఒక మాటన్నాడు. ఆయన మడులు తలుపు పక్కనే కాబట్టి రోజూ వింటాడు. ఎర్నమ్మ ఉన్నప్పుడు ఒక కేక వేసి, ఆగి, చెవి ఒగ్గి విని, అప్పుడు రెండో కేక వేసేదట. ఇప్పుడు మూడు కేకలూ ఒక్క ఊపిరిలో అయిపోతున్నాయట. మూడో కేక వేసేటప్పటికే తలుపు కదులుతోందట. మొన్న ఒక ముసలావిడ చీర తలుపులో పడి చిరిగింది. పాపం అప్పలస్వామి కొంచెం ఆగాడో లేదో, వరసలోంచి ఎవడో ఒకడు ఆ మాట అంటాడు, ఆయన ముఖం కందిపోతుంది.

“కూడు బాగానే ఉంది గానీ, దాలీ, తలుపు కాడ నిలబడాలంటే బయమేత్తంది నాకు,” అన్నాడు. నేను విననట్టు నీళ్లు తాగాను. వచ్చే వారం ఎలాగైనా కాలు సంగతి చెప్పేస్తాను. ఇలాగే క్రితం వారం కూడా అనుకున్నాను. రాసుకుంటే సిగ్గేస్తుందేమోనని రాస్తున్నాను.

వైశాఖ శుద్ధ సప్తమి

బాగా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

పక్షానికోసారి కొండలో ప్రతివాళ్లకీ పలకల వంతు వస్తుంది, రేడియో వాళ్లకైనా సరే. ఇవాళ నా వంతు. చీకటితో పైకి వెళ్లి తడి గోనెతో పలకల మీది దుమ్ము తుడిచాను. దారిలో ఎర్నమ్మ ఎదురైంది. “బాగున్నావా తల్లీ” అంది. అంతే. కాలు సంగతి అడగలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది, అడగడం మానేసిందంటే ఇక నా మీద ఆశ లేనట్టే కదా. గోనె భుజాన వేసుకుని చివరి వరస వైపు వెళ్లిపోయింది.

ఎండ వచ్చే వేళకి అందరం తలుపు లోపలికి వచ్చి వరసగా నిలబడ్డాం. అప్పలస్వామి తలలు లెక్క చూసుకున్నాడు. ఒక మనిషి తక్కువ. బయటికి తిరిగి కేకేశాడు, “ఎర్నమ్మా!”

వరసలో ఎవడో అన్నాడు, ఎర్నమ్మకే ఎర్ని కొడతన్నాడురా అని. నవ్వులు. నేనూ నవ్వాను. కావాలని కాదు, అలవాటు. నా నోట్లోంచి బయటికి వచ్చాక గానీ అది నా నవ్వని నాకే తెలియలేదు.

అప్పలస్వామి చెవులు ఎర్రబడ్డాయి. రెండో కేక గొంతులోనే అన్నాడు, పక్కవాళ్లకి మాత్రమే వినిపించేట్టు. దానికీ నవ్వారు. మూడో కేక వేయలేదు. తలుపు లాగేశాడు. కొండని చల్లబరిచే యంత్రం గట్టిగా మూలిగి తలుపుని బిగించింది. ఇక పొద్దుగూకే దాకా అది ఎవరి మాటా వినదు.

జనం కదిలిపోతుండగా చప్పుడు మొదలైంది. ఇనప తలుపు మీద అరచేతుల చప్పుడు.

నేను అప్పలస్వామి మీద పడ్డాను. తియ్యమన్నాను, ఏదో ఒకటి చెయ్యమన్నాను, మూడో కేక వెయ్యలేదని చొక్కా పట్టుకున్నాను. ఆయన నా చేతులు విడిపించుకోలేదు. ఏడుస్తున్నాడు.

“నువ్వే గదప్పా సెప్పినావు,” అన్నాడు.

తలుపు పక్కన మాట గొట్టం ఉంది, బయటివాళ్లతో మాట్లాడడానికి. దాని దగ్గర కూలబడ్డాను. తలుపు కొట్టొద్దు పిన్నీ, ఇనుము కాలిపోతుంది, దగ్గరి పలక కిందికి పాకు, గోనె కప్పుకో అని అరిచాను. చప్పుడు ఆగింది. కాసేపటికి గొట్టంలో ఆమె ఆయాసం వినిపించింది.

“మూడో కేక ఇంకా పడలేదు గదా అని పరిగెట్టుకొచ్చినాను,” అంది. “ఒకటి ఇనిపించినాది. అది అయ్యాక నవ్వు ఇనిపించినాది. మరేటీ ఇనిపించలేదు.”

నీళ్లు ఉన్నాయా అని అడిగాను. గోనె తడి ఉందంది. కాసేపు ఏదో ఒకటి మాట్లాడమంది, నిద్ర పడితే లేవలేనేమోనని భయంగా ఉందంది. మాట్లాడాను. చిన్నప్పటివి, మా అమ్మవి, పుట్టగొడుగులవి, తోచినవన్నీ. మొదట ఊఁ కొట్టింది. ఎండ నడినెత్తికి వచ్చాక ఊఁ కొట్టడం ఆగిపోయింది. అయినా ఆపలేదు నేను. అప్పుడు చెప్పాను కాలు సంగతి. గవరయ్య జారిపడడం, ఎముక విరగడం, కొంగు చూసుకుంటూ పాక్కురావడం, ఒక్కటీ వదలకుండా. వినాల్సిన వాళ్లంతా కడుపు నిండా తిని ఇళ్లలో పడుకున్నారు. నేను గొట్టానికి చెప్పుకున్నాను.

పొద్దుగూకాక తలుపు తెరుచుకుంది. మొదటి వరస పలక కింద గోనెలో ముడుచుకుని ఉంది. ప్రాణం ఉంది.

వైశాఖ శుద్ధ అష్టమి

ఆసుపత్రికి వెళ్లాను. మనిషి దక్కింది. రెండు అరచేతులూ తలుపుకి కాలిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అని రాయబోయి ఆగాను. కాలినవి నా చేతులు కావు.

నేను వెళ్లేసరికి నర్సమ్మ మందుల చీటీ రాయడానికి పేరు అడుగుతోంది. ఎర్నమ్మ పలకడం లేదు. వినిపించలేదేమోనని నేనే చెప్పబోయాను. ఆమె తల తిప్పి నన్ను చూసింది. చెప్పొద్దని ఆ చూపు. తర్వాత నర్సమ్మతో సూరమ్మ అని రాయమంది. అది వాళ్లమ్మ పేరట.

నర్సమ్మ వెళ్లాక మంచం పక్కన కూర్చున్నాను. తప్పయిపోయింది పిన్నీ అన్నాను. ఎన్నోసార్లు అన్నాను. నా గొంతు నాకే రోతగా వినిపించింది. రేడియోలో ఇదే గొంతుతో దయనీయమైన పాత్రలు వేశాను మరి. చేతి కట్లూ, మందులూ, నీళ్లూ, కూడూ అన్నీ నేను చూసుకుంటానన్నాను. రేడియోలో అంతా చెప్పేస్తానన్నాను. ఆ మాట ఎవరూ అనకుండా చేస్తానన్నాను.

ఆమెకి కోపం లేదు. అదే నాకు భరించరానిదిగా ఉంది. ఒక తిట్టు తిట్టినా దాన్ని పట్టుకుని ఇంటికి వెళ్లేదాన్ని.

“అనకుండా ఎవులాపుతారమ్మా,” అంది. “నా మనవడే పొద్దున్న ఇక్కడికొచ్చి, తొరగా నయం సేసుకో మామ్మా, ఎర్ని కొట్టకు అన్నాడు. ఆడికేటి తెలుసు, అది నా పేరని. నాను నవ్వినాను.” కళ్లు మూసుకుంది. “ఆ పేరు నీకిచ్చీసినాను. నువ్వే ఉంచుకో.”

వైశాఖ బహుళ పాడ్యమి

చెప్పేశాను. అంతా చెప్పాను. ‘తీరుబడిగా’ అన్నది నా కల్పన అని, కాలు సంగతి నాకు ముందే తెలుసని, తెలిసే దాచానని, ఎర్నమ్మ మా గుమ్మంలో కూర్చుని అడిగినా చెప్పలేదని, తలుపు దగ్గర నేను కూడా నవ్వానని. ఒక మనిషి పాక్కుంటూ వస్తుంటే తలుపు పట్టుకోవడమే ఆ మాటకి అసలు పుట్టిల్లని చెప్పాను. చివర్లో, ఆమె తన పేరు నాకిచ్చేసింది కాబట్టి ఇక నుంచి నా పేరు ఎర్నమ్మ, నన్ను అలాగే పిలవండి అన్నాను.

వీధుల్లో నవ్వులు మొదలయ్యాయి. మొదట ఒక వీధిలో, తర్వాత అన్నిట్లో. దాలప్ప మళ్లీ కొట్టిందిరా అని ఎవరో కేకేశారు. వరాహమూర్తి గారు లోపలికొచ్చి నా భుజం తట్టారు. ఏడుపు గొంతు అంత సహజంగా ఇంతకుముందెప్పుడూ పెట్టలేదన్నారు. మూడో వీధి కుర్రాళ్లు పాటలో కొత్త చరణం కలుపుతామని అడిగి పంపారు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. చిన్నప్పుడు మా అమ్మ ఈ సామెత చెప్తే, ఏముంది, ఇంకో మాట చెప్పి సర్దుకోవచ్చు కదా అనేదాన్ని. సర్దుకోలేమని ఇవాళ తెలిసింది.

పెద్దల దగ్గరికి వెళ్లి రేడియో పని వదిలేస్తున్నానని, సూరమ్మ చేసే చివరి వరస నాకివ్వమని అడిగాను. ఆ వరస అడిగి తీసుకున్నవాళ్లు ఎప్పుడూ లేరు కాబట్టి వెంటనే ఇచ్చేశారు. పలకల పట్టీలో ఎర్నమ్మ అని రాయించాను. రాసేవాడు కూడా నవ్వాడు. శాలువా అక్కడే బల్ల మీద వదిలేసి వచ్చాను.

జ్యేష్ఠ శుద్ధ దశమి

ఇప్పుడు రాయమని ఎవరూ అడగరు. అలవాటు పోక రాస్తున్నాను.

రోజూ చీకటితో చివరి వరసకి వెళ్తాను. నా పని పూర్తయ్యాక అందరితో పాటు లోపలికి వెళ్లను. తలుపుకి కాస్త ఇవతల, మొదటి వరస పలక వెనక నిలబడతాను. అప్పలస్వామి తలలు చూసుకుని, ఒక మనిషి తక్కువని తెలుసుకుని, బయటికి తిరుగుతాడు. “ఎర్నమ్మా!”

మొదటి రోజు ఆ కేకకి వరసంతా విరగబడి నవ్వింది. అప్పలస్వామి తలుపు మీద చేయి వేశాడు. పలక వెనక నుంచి నా చీర కొంగు ఆయనకి కనిపిస్తోంది. చేయి తీశాడు. రెండో కేక వేశాడు. మళ్లీ నవ్వు. మూడో కేక వేశాడు, అప్పుడు నడిచి వెళ్లాను. నా కోసం రోజూ మూడు కేకలూ పూర్తిగా వేయాల్సి వస్తోంది. కేకకీ కేకకీ మధ్య ఆగి, చెవి ఒగ్గి వినాల్సి వస్తోంది. తలుపు ఆ కాసేపు ఎక్కువ తెరిచి ఉంటోంది కాబట్టి అంచు మడులు కొంచెం వాడుతున్నాయట. పోలినాయుడు కంచంలో రెండు ముక్కలు తగ్గాయి. ఎందుకని ఆయన అడగలేదు.

జనం తిడుతున్నారు. పిచ్చి పట్టింది దీనికి, ఎండలో నిలబడి నాటకాలాడుతోంది అంటున్నారు. తిట్టనీ. తిట్టేవాడు నవ్వడు కదా. నిన్న సూరమ్మ కట్టు కట్టిన చేతులతో తలుపు దాకా వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు తెలియదు. లోపల గోడకి ఆనుకుని వింటూ నిలబడింది.

ఇవాళ మొదటి కేకకి ఇద్దరు నవ్వారు. రెండో కేకకి ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలో అప్పలస్వామి గొంతెత్తి ఆ పేరుని సాగదీసి మూడోసారి పిలిచాడు. తెరిచిన తలుపులోంచి, ఇవాళ కూడా గోడ దగ్గరే నిలబడ్డ సూరమ్మ నోరు కదిలింది, ఆ పిలుపుకి తనే పలికింది. నేను లోపలికి వెళ్లాక ఆయన తలుపు వేశాడు.